నేను కట్టని సంచులు

ఒక మాట పదకొండేళ్లు నా నోట్లోనే ఉండిపోయింది. వేళకు బయటికి వచ్చి ఉంటే నా తోటివాడి ఉద్యోగం నిలిచేది. రాకపోవడానికి భయం కొంత కారణం. పెద్ద కారణం కడుపుమంట.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన మీకు శిక్షణ తరగతుల్లో జొన్న పాఠం చెబుతూ, విత్తనం కల్తీ చేసి నౌకరీ పోగొట్టుకున్న ఒక ఫీల్డుమాన్ సంగతి నేను ఉదాహరణగా చెప్పేవాణ్ణి. మీలో చాలామంది ఆ ముక్క నోటుబుక్కుల్లో రాసుకున్నారు. దాన్ని కొట్టేయండి. ఆ మనిషి కల్తీ చేయలేదు. జరిగింది ఇది.

హైదరాబాదు స్టేట్ ఉన్న రోజుల్లో బోథ్ తాలూకాలో ఒక సర్కారు విత్తనాల ఫారంలో నేను ఫీల్డుమాన్‌గా చేరాను. మాది ఖానాపూర్ పక్కన సేద్యం చేసే ఇల్లు. జొన్నచేలో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ పని నాకంటే ఎవడికి బాగా వస్తుందనుకునేవాణ్ణి. రెండేళ్లు అలాగే అనుకున్నాను. తర్వాత హుస్నాబాద్ వైపు నుంచి ఒక నేత ఇంటి యువకుడు రెండో ఫీల్డుమాన్‌గా వచ్చాడు. ఆరు నెలలు తిరగకముందే ఫారంలో అందరి నోటా అతని మాటే.

మా పని చాలావరకు ఓపికతో చేసేది. జొన్న కంకి ఆకు పొట్టలోంచి బయటికి రాగానే, పూత విచ్చకముందే, దానికి కాగితం సంచి తొడిగి కట్టాలి. అప్పుడు పక్క మడి పుప్పొడి గాలికి వచ్చి దానిమీద పడదు, కంకి తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ఒక్క పూట ఆలస్యమైతే ఆ కంకిని విత్తనం లెక్కలోంచి తీసేయాలి. మొదటి రోజే నేర్పే నియమం అది. రెండు రకాలను మేమే కలపాలనుకున్నప్పుడు పని ఇంకా సన్నం. ఒక్కో పువ్వులోంచి పుప్పొడి తిత్తులను సూదిమొనతో తీసేయాలి.

నావి మొద్దు వేళ్లు. అతనివి తెగిన పోగును కంటికి కనిపించకుండా ముడివేసే వేళ్లు. నేను ఇరవై పువ్వులు చేసేలోగా అతను తన కంకి ముగించి నా వైపు చూసేవాడు.

"అన్నా, జర ఇటియ్యి, నేను జేస్త."

ఇచ్చేవాణ్ణి. ఇచ్చినందుకు రోజంతా ఉడికిపోయేవాణ్ణి.

వానకు కాగితం చీటీలు చీకిపోతున్నాయని అతను ఒక్కో కలయికకు ఒక్కో రంగు దారం, ఒక్కో రకం ముడి పెట్టాడు. చూడగానే ఏ కంకి ఏ జాతిదో తెలిసిపోయేది. నాకు ఆ ఆలోచన రానందుకు దానిని ఎగతాళి చేశాను. ఒకనాడు కూలి ఆడవాళ్లు వింటుండగానే, "మగ్గం గుంటల కూసున్నోనికి జొన్నచేను సంగతి ఏమెరుక?" అన్నాను.

వాళ్లలో పెద్దామె నడుం నిలబెట్టి నన్ను చూసింది. "ఎరుకైనోనివి నువ్వేం జేసినవ్ పటేలా? పొద్దుగాల్నుంచి రెండు కంకులు ఇరగ్గొట్టినవ్."

అందరూ పకపకా నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత బాగుండేది.

మా మేనేజరు పర్భణీ వైపు మరాఠీ ఆయన. మాకు పాఠాలు చెప్పాలన్న సరదా ఉండేది ఆయనకు. జొన్నలో మీసాల రకం ఒకటి ఉంది. గింజ పొట్టు కొసన బిరుసు వెంట్రుక ఉంటుంది. గుట్టల మీది ఊళ్లవాళ్లు దాన్ని ఇష్టంగా వేస్తారు, చిలుకలు దాని జోలికి రావు. కిందిచేల రైతులకు అది పనికిరాదు, కల్లంలో తొక్కిస్తే ఒళ్లంతా దురద. మేనేజరు ఈ మీసాల జొన్నను మీసం లేనిదానితో కలిపి పెంచారు. మొదటి తరంలో ఒక్క కంకికీ మీసం లేదు. వాటి గింజలే మళ్లీ వేస్తే నాలుగు మొక్కల్లో ఒకదానికి మీసం వచ్చింది.

"మీసం ఎక్కడికి పోయింది, మళ్లీ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని మమ్మల్ని అడిగారు.

నేను పుస్తకంలోది కంఠతా పట్టాను. ప్రతి లక్షణానికీ మొక్కలో రెండు కారకాలు ఉంటాయి, ఒకటి తల్లి కంకి ఇచ్చింది, ఒకటి పుప్పొడి తెచ్చింది, రెండూ వేరైతే బలమైనది బయటపడుతుంది, రెండోది అణిగి ఉంటుంది, అని గడగడా అప్పజెప్పాను. మేనేజరు తలూపారు, అంతే. అప్పుడు అతను తన అంగీ అంచు పట్టుకుని చూపించాడు.

"సార్, గిది జూడుండ్రి. పైన ఎర్ర పోగు తేలింది, తెల్లది కింద పడ్డది. తెల్లది లేదంటమా? తిప్పి జూస్తే ఉన్నది. మీసం గూడ గంతే. కింద పడి ఉంటది. రెండు పోగులు మీసానివే పడ్డనాడు పైకి కనవడ్తది. తల్లి దిక్కు నుంచి రెండిట్ల ఒకటి, పుప్పొడి దిక్కు నుంచి రెండిట్ల ఒకటి వస్తదాయె. నాలుగు తీర్ల పడొచ్చు. నాలుగిట్ల ఒక్కతీరే రెండు మీసాలు."

"శాబాష్ రే బాబా!" అని మేనేజరు అతని వీపు చరిచారు. "పుస్తకంల గూడ గింత సాఫ్ లేదు."

నేను చెప్పిందీ అతను చెప్పిందీ ఒకటే కదా అని ఆ సాయంత్రం నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. ఒకటి కాదని నాకు తెలుసు. నేను విన్నది చెప్పాను, అతను చూసింది చెప్పాడు.

ఆ ఏడు వానాకాలం, రైతులకు పంచాల్సిన మీసం లేని రకం మడి నా చేతిలో ఉంది. దాని పక్కనే మేనేజరు గుట్టల నుంచి తెచ్చిన మీసాల జొన్న వేసిన ఒక చిన్న నేల చెక్క. సరిగ్గా కంకులు పొట్ట విడిచే వేళకు ఆదిలాబాదుకు ఒక పెద్ద అధికారి వచ్చాడు.

"వీణ్ణి తీస్కపోత," అన్నారు మేనేజరు అతని భుజం మీద చేయి వేసి. "గీ దారాల పద్ధతి జూపించాలె. నువ్వు ఇక్కడ్నే ఉండు, కంకులు ఇడుస్తున్నయి."

నేను సీనియర్ని. నన్ను ఫారంలో వదిలి అతన్ని బండిలో పక్కన కూర్చోబెట్టుకుని పోయారు. కూలివాళ్లను వేరే మడిలో కలుపుకు పంపించి, నేను నా గదిలో మంచం మీద పడుకున్నాను. ఒంట్లో బాగాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అక్కడ ఆదిలాబాదులో అతను దారం ముడి ఎలా విప్పి చూపిస్తున్నాడో, ఆ అధికారి ఎలా తలాడిస్తున్నాడో ఊహించుకుంటూ రెండు రోజులు పడుకున్నాను. మూడో రోజు మడిలోకి పోతే కంకులన్నీ పూత మీద ఉన్నాయి. వాటికే సంచులు కట్టాను. రిజిస్టర్లో రెండు రోజుల వెనకటి తారీకు వేశాను.

మరుసటి ఏడు మేనేజరు నా మడిని నా చేతిలోంచి తీసి అతనికి ఇచ్చారు. "వీని చేతుల జర సాఫ్ అయితది," అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. దాని వెనకాలే ఒక చల్లని ఆలోచన కూడా వచ్చింది. ఆ రెండు రోజుల్లో పక్క చెక్క పుప్పొడి నా కంకుల మీద పడి ఉంటే, ఇప్పుడు ఏమైనా తేలితే అతని చేతిలోనే తేలుతుంది.

ఏమీ తేలలేదు. ఒక్క మీసం కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో నాకు తెలుసు, ఆ పాఠం అప్పజెప్పినవాణ్ణి నేనే. కలిసిన మొదటి తరంలో మీసం అణిగి ఉంటుంది. కాకపోతే మడిలో కొన్ని మొక్కలు తక్కినవాటికంటే జానెడు ఎత్తు లేచాయి.

"అన్నా, గీ కంకులు జూడు," అంటూ నన్ను చేయి పట్టి లాక్కెళ్లాడు. "పిడికిట్ల పడ్తలెవ్వు!"

రెండు రకాలు కలిసిన మొక్క మొదటి తరంలో ఏపుగా పెరుగుతుందని నేను చదివాను. అవి నా రెండు రోజుల సంతానం అని నాకు అర్థమైంది. "మస్తుగున్నయి తమ్మీ," అన్నాను. ఏపైన మొక్కలన్నిటికీ అతను వేళ తప్పకుండా సంచులు కట్టాడు. కోతప్పుడు వాటిలోంచే చాలా కంకులు విత్తనానికి ఏరాడు. ఒక్కో కంకిని విడిగా, వాళ్ల అమ్మ నేసిన గుడ్డ పరిచి నూర్చాడు. కంకి మారినప్పుడల్లా గుడ్డ దులిపాడు. నేను పక్కనే ఉండి చూశాను.

ఆ కోతల నాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మా మేనేజరు బొంబాయి రాష్ట్రానికి వెళ్లిపోయారు. ఆయన చోటికి కోస్తా జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. మంచి మనిషే, తొందర ఎక్కువ. హైదరాబాదులో రెండేళ్ల వ్యవసాయ కోర్సుకు మా ఫారం నుంచి ఒక్కరిని పంపే వీలుందనీ, వచ్చే పంట చూసి నిర్ణయిస్తాననీ అన్నారు. నేను పర్మనెంటు. అతను ఇంకా టెంపరరీ. అయినా ఆ సీటు ఎవరిదో కూలివాళ్లకు కూడా తెలుసు.

మూడో ఏడు ఒక్కో కంకి గింజలు ఒక్కో సాలుగా వేశాడు. నలభై కంకులు, నలభై సాళ్లు. కంకులు బయటపడే వేళకు ఒకనాడు ఉరుక్కుంటూ వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"అన్నా, సాళ్లల్ల మీసాలు లేస్తున్నయే!"

"ఎన్ని?"

"లెక్కవెట్టలే. పరేషాన్ అయితున్నది." నా వైపు తిరిగి అడిగాడు. "గా యేడు సంచులు వేళకే కట్టినవు గదనే?"

"రిజిస్టర్ల ఉన్నది గదా."

"నువ్వు కట్టినవంటే కట్టినట్టే," అని వెంటనే అన్నాడు. అడిగినందుకు సిగ్గుపడ్డట్టు తల గోక్కున్నాడు. "అయితే నేనే యాడనో తప్పు జేసిన. గుడ్డ సరిగ దులపలేదో ఏమో."

నామీద నమ్మకం వల్ల అతను తనను తాను అనుమానించుకున్నాడు. గోదాములోకి పోయి సంచులూ గుడ్డలూ తిరగేసుకుంటూ కూర్చున్నాడు. ఆ వేళకు నేను నోటుబుక్కు తీసుకుని మడిలోకి పోయి ప్రతి సాలూ లెక్కపెట్టాను. ఇరవై ఆరు సాళ్లలో ఒక్క మీసం లేదు. తక్కిన పద్నాలుగు సాళ్లలో ఇంచుమించు నాలుగింటికి ఒకటి మీసాల కంకి.

దీని అర్థం మీరే చెప్పగలరు. కల్లంలో గింజలు కలిసి ఉంటే మీసాలు మడి అంతటా అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాలి. ఇరవై ఆరు సాళ్లు అంత శుభ్రంగా ఉండవు, పద్నాలుగు సాళ్లు అంత లెక్కగా చీలవు. ఆ పద్నాలుగు కంకుల్లో మీసం ముందే అణిగి ఉంది. నూర్చినవాడి చేయి శుభ్రం. సంచి కట్టినవాడి చేయి కాదు. నా నోటుబుక్కులో ఆ ఒక్క పుట చాలు అతన్ని కాపాడడానికి.

పుట మడిచి జేబులో పెట్టుకుని గోదాముకు పోయాను.

"ఆఫీసరు ఎల్లుండి వస్తున్నడు. మీసాలన్ని పీకెయ్యి. మడి సాఫ్‌గ కనవడాలె," అన్నాను.

"పీకితే దాచినట్టు గాదా అన్నా?"

"బెరుకులు పీకుడు రివాజే గద తమ్మీ. కొత్తనా?"

చేలో వేరే రకం మొక్క కనిపిస్తే పీకేయడం నిజంగానే రివాజు. అందుకే నమ్మాడు. కూలివాళ్లతో కలిసి మరునాడు పొద్దు గూకేదాకా పీకాడు. లెక్క చెప్పే మొక్కలన్నీ గట్టు కింద కుప్ప అయ్యాయి. పీకితే మీసం పోతుంది, అణిగి ఉన్న మీసం చేలోనే ఉంటుంది. మామూలుగా అయితే అతనికి ఆ మాట నేను చెప్పనవసరమే లేదు. ఆ రెండు రోజులూ అతని బుర్ర పనిచేయలేదు. నాది బాగా పనిచేసింది.

ఆఫీసరు వచ్చి మూడో సాలు దగ్గరే ఆగిపోయారు. "ఏమయ్యా, ఇన్ని ఖాళీలేంటి?" అంటూ అటూ ఇటూ చూసి గట్టు దిగారు. కుప్పలోంచి ఒక కంకి తీసి పట్టుకున్నారు. "ఇవి ఎవరు పీకారు? పీకి ఇక్కడ దాచారా?"

"దాచలే సార్, బెరుకులు ఏరినం," అన్నాడతను.

"ఒకటో రెండో అయితే బెరుకులంటారు. ఇది విత్తనంలో కల్తీ. నూర్చింది ఎవరు?"

"నేనే సార్."

ఆయన ఆలోచించారు. తొందర మనిషైనా అడగాల్సిన ప్రశ్న అడిగారు. "బయటి పుప్పొడి ఏమైనా పడిందేమో. మొదటి ఏడు సంచులు కట్టింది ఎవరు?"

నేను నోరు తెరవాలి. నాకంటే ముందు అతను తెరిచాడు. "మా అన్న కట్టిండు సార్. రిజిస్టర్ల తారీకుతోని ఉన్నది. అండ్ల తప్పు లేదు. తప్పుంటే నాదే."

ఆఫీసరు నా వైపు తిరిగారు. "నువ్వేమైనా చెబుతావా?"

జేబులో మడిచిన పుట ఉంది. కూలి ఆడవాళ్లు చూస్తున్నారు. అతను నన్ను చూడడం లేదు, కుప్ప వైపు చూస్తున్నాడు.

"లేద్సార్," అన్నాను.

నెలాఖరుకు అతన్ని తీసేశారు. సీటు నాకు వచ్చింది. ట్రంకుపెట్టె సైకిల్‌కు కట్టుకుంటూ అతను నన్ను చూసి నవ్వాడు. "ఇగ నీకు పోటీ లేదు పో అన్నా. కుళ్లుకునే పని తప్పింది."

అంటే నా అసూయ అతనికి మొదటి నుంచీ తెలుసు. అది ఎంత దూరం పోగలదో మాత్రం ఊహించలేదు.

కాలేజీలో ఇదే పాఠం వచ్చింది. మీరు ఇప్పుడు పుస్తకాల్లో బహిర్గత లక్షణం, అంతర్గత లక్షణం అని చదువుతున్నది. లెక్చరరు ఉదాహరణ అడిగితే నేను లేచి నా అంగీ అంచు పట్టుకుని ఎర్ర పోగు, తెల్ల పోగు అని చెప్పాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అతని ఉద్యోగంతోపాటు అతని మాట కూడా తీసుకున్నాను. అయినా అసూయ పోలేదు. అతను ఈ బెంచీ మీద కూర్చుని ఉంటే ఇంకా ఏం చెప్పేవాడో అని ప్రతి పాఠంలోనూ అనిపించేది.

ఆ తర్వాత ప్రమోషన్లు వచ్చాయి. మీకు పాఠాలు చెప్పే స్థానానికి వచ్చాను. ఈ ఏడు తరగతి అయ్యాక మీలో ఒకరు నా దగ్గరికి వచ్చి అడిగారు. "సార్, గా కల్తీ జొన్నల మీసాలు అన్ని సాళ్లల్ల వచ్చినయా, కొన్నిట్లనేనా?" ఎవరూ చూడలేదని చెప్పాను. అది అబద్ధం. అది అబద్ధమేమో అన్న అనుమానం అడిగినవారి కళ్లలో కనిపించింది. శాఖకు అంతా రాసి పంపాను. ఆ ఫైలు ఎప్పుడో మూసేశామని రెండు వరుసల జవాబు వచ్చింది. ఆ ఆదివారం హుస్నాబాద్ పోయాను. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడని చెప్పారు. అక్కడికి పోయాను.

షెడ్డులో చప్పుడుకు మాట వినిపించదు. అతను నాలుగు మగ్గాల మధ్య తిరుగుతున్నాడు. ఒకదాని మీద పోగు తెగింది. ఆపి, ముడివేసి, నడిపించేలోగా రెండోదాని నూలు కండె మార్చాడు. జుట్టు సగం నెరిసింది. ఆ వేళ్లు చూడగానే, ఇన్నేళ్ల తర్వాత, ఇంత పని మీద వచ్చి కూడా, నా లోపల అదే పాత మంట కదిలింది. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

బయట చాయ హోటల్లో కూర్చుని మొత్తం చెప్పాను. మంచం మీది రెండు రోజులు, తప్పుడు తారీకు, నోటుబుక్కు పుట, పీకమన్న మాట. అతను మధ్యలో ఆపలేదు. చివరికి ఒకే ప్రశ్న వేశాడు.

"సాఫ్ సాళ్లు ఎన్ని?"

"ఇరవై ఆరు."

వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "అయితే గా పెద్ద కంకులన్ని మీసం కలిసినవేనన్నట్టు." చాయ చల్లారుతోంది. "గుడ్డ దులపలేదనుకున్న. పదకొండేండ్ల సంది గా గుడ్డనే దులుపుతున్న. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుంట జేసినవ్."

"తప్పైంది తమ్మీ."

అతను లేచాడు. "మీరు పెద్ద సార్లు, గింత దూరం వచ్చిండ్రు. నాకు చెప్పుడు అయిపోయింది. ఇంట్ల మా అవ్వ ఉన్నది. ఆమెకు చెప్పుండ్రి."

నన్ను అతను 'మీరు' అనడం అదే మొదటిసారి.

ఆమె వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కొడుకు నన్ను చూపించి, ఫారంలో కలిసి పనిచేసిన మనిషని చెప్పి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, నీ కొడుకు ఇత్తనం కలపలే. పని ఎగ్గొట్టి జేసినట్టు రాసింది నేను. తప్పు నాదని ఎరుకయ్యి గూడ నోరు ఇప్పనిది నేను. నీ కొడుకు మీద కుళ్లుతోని జేసిన. నన్ను మన్నించు."

ఆమె రాట్నం ఆపలేదు. "వానికి చెప్పినవా?"

"చెప్పిన."

"వాడేమన్నడు?"

"నీకు చెప్పుమన్నడు."

రాట్నం ఆగింది. "సర్కారు ఇత్తనం ఖరాబ్ జేసిండని ఊర్ల అన్నరు, ఈడికొచ్చినంక ఈ వాడకట్టంత గూడ అన్నరు బిడ్డా. పిల్లనిచ్చెటోళ్లు గూడ రెండేండ్లు ఎన్కముందాడిండ్రు. వీడు ఒక్కనాడు గూడ కాదనలే. నిజంగనే జేసినననుకున్నడు." ఆమె పక్కిళ్ల వాకిళ్ల వైపు ఒకసారి చూసింది. అక్కడ కూడా ఆడవాళ్లు కండెలు చుడుతున్నారు. "ఇంకోపారి చెప్పు. లేశి నిలవడి చెప్పు. గాళ్లు గూడ ఇనాలె."

నేను లేచి నిలబడ్డాను. ఈసారి గట్టిగా, మొదటి మాట నుంచీ చెప్పాను.